పవర్ స్టీరింగ్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా? డబ్బా మూత తీసే ముందు ఇవి తెలుసుకోండి

పొద్దున్నే బండి స్టార్ట్ చేసి గల్లీలోంచి బయటికి తిప్పుతుంటే స్టీరింగ్ బరువుగా అనిపిస్తోందా? పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు బానెట్ కింద నుంచి మూలిగినట్టు చప్పుడు వస్తోందా? పాత ఇన్నోవా, క్వాలిస్, బొలెరో నడిపేవాళ్లకు ఈ చప్పుడు కొత్త కాదు. తిరుగుతోంది కదా అని చాలామంది అలాగే నడిపేస్తారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులు, పెళ్లిళ్ల సీజన్ కిరాయిల మధ్య బండిని ఒక్కరోజు ఆపడమే కష్టం. అయితే ఆ చప్పుడుకు కారణం ఒక్కోసారి మాడిపోయిన లీటరు ఆయిల్ మాత్రమే. దాన్ని వదిలేస్తే ముందు పంపు, ఆ తర్వాత స్టీరింగ్ రాక్ దెబ్బతింటాయి. ఆయిల్ ఖర్చు వందల్లో ఉంటే రాక్ ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఈ ఆయిల్ మార్చడం ఇంటి ముందు చేసుకోగలిగిన పనే. కాకపోతే రెండు తప్పులు మాత్రం జరగకూడదు. ఒకటి, వేరే రకం ఆయిల్ పోయడం. రెండు, ఆయిల్ లేకుండా పంపు తిరగనివ్వడం.

అసలు మీ బండిలో ఈ ఆయిల్ ఉందా?

ఇప్పుడు రోడ్డు మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఈ ఆయిలే ఉండదు. మారుతి స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ10 లాంటి వాటిలో స్టీరింగ్‌కు సాయం చేసేది కరెంటు మోటారు. వాటిలో పోయడానికీ తీయడానికీ ఏమీ లేదు. ఎవరైనా అలాంటి బండికి స్టీరింగ్ ఆయిల్ మార్చామని బిల్లు వేస్తే ఎక్కడ పోశారో చూపించమని అడగొచ్చు.

ఆయిల్‌తో నడిచేవి క్వాలిస్, ఇన్నోవా, ఇన్నోవా క్రిస్టా, బొలెరో, పాత శాంట్రో, పాత ఇండికా లాంటి బండ్లు. బానెట్ ఎత్తితే చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని మూత మీద స్టీరింగ్ చక్రం బొమ్మ కనిపిస్తాయి. డబ్బా నుంచి పైపులు ఇంజిన్ పక్కన బెల్టుతో తిరిగే పంపు వైపు వెళ్తాయి. బ్రేక్ ఆయిల్ డబ్బా, కూలెంట్ డబ్బా కూడా ఆ దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి మూత మీది బొమ్మను చూసే ముందుకెళ్లాలి.

ఆయిల్ ఎందుకు మాడిపోతుంది?

అమెరికన్ ఇంజినీర్ ఫ్రాన్సిస్ డేవిస్ 1920లలో పవర్ స్టీరింగ్‌ను తయారు చేసి చూపించినా, మామూలు కొనుగోలుదారుల కార్లలోకి అది వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. ఆయిల్‌తో నడిచే బండ్లలో సూత్రం ఇప్పటికీ దాదాపు అదే. ఇంజిన్ తిరిగితే బెల్టు పంపును తిప్పుతుంది. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో రాక్‌లోకి పంపుతుంది. డ్రైవర్ ఎటు తిప్పితే ఆ ఒత్తిడి అటు తోస్తుంది. పని అయిపోయిన ఆయిల్ వెనక్కి డబ్బాలోకి వస్తుంది.

స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుంటే ఒత్తిడి గరిష్ఠానికి చేరి పంపులోని వాల్వ్ తెరుచుకుంటుంది. అదే ఆయిల్ అక్కడికక్కడే గిర్రున తిరుగుతూ వేడెక్కిపోతుంది. పాతబస్తీ గల్లీల్లో ఇన్నోవాను వెనక్కీ ముందుకీ ఆడిస్తూ యూటర్న్ కొట్టే ప్రతిసారీ జరిగేది ఇదే. హైవే మీద లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి కంటే, ఇరుకు సందుల్లో అందులో సగం తిరిగిన బండిలోనే ఆయిల్ నల్లగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అందుకే కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు. చాలా కంపెనీల మాన్యువల్‌లో ఈ ఆయిల్ మార్చడానికి గడువే రాయరు, చూస్తూ ఉండమంటారు అంతే. మెకానిక్‌లు సాధారణంగా 50 వేల నుంచి 80 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. గడువు కంటే ఆయిల్ రంగు చూడటం మేలు.

చుక్క పరీక్ష

ఇంజిన్ ఆపి, చల్లారాక మూత చుట్టూ దుమ్ము తుడిచి తీయాలి. తెల్ల టిష్యూ కాగితం మీద ఒక చుక్క వేయాలి. ఈ బండ్లలో ఎక్కువ వాటి ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. గోధుమ రంగుకు మారితే మార్చే టైమ్ దగ్గరపడినట్టు. నల్లగా ఉండి మాడు వాసన వస్తే ఆలస్యమైనట్టు. మెరిసే లోహపు రవ్వలు కనిపిస్తే పంపు లోపల అరుగుతోందని అర్థం. అలాంటప్పుడు ఆయిల్ మార్చి సరిపెట్టుకోకుండా మెకానిక్‌కు చూపించాలి.

ఆయిల్ తగ్గి ఉంటే అది వేరే కథ. ఇంజిన్ ఆయిల్‌లా ఇది ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. పైపుల జాయింట్లు, పంపు అడుగు భాగం, రాక్ చివర్లలో ఉండే రబ్బరు తొడుగులు తడిగా ఉన్నాయేమో చూడాలి. బండి కింద ఎర్రటి మరక కనిపిస్తే వేలితో రుద్ది చూడొచ్చు. జిడ్డుగా ఉంటే స్టీరింగ్ ఆయిల్ అయి ఉండొచ్చు, నీళ్లలా పల్చగా ఉంటే కూలెంట్. టయోటా బండ్లలో కూలెంట్ కూడా ఎరుపు రంగులోనే వస్తుంది కాబట్టి రంగు ఒక్కటే చూసి తేల్చకూడదు. లీకు ఉన్న బండికి కొత్త ఆయిల్ పోస్తే అదీ కారిపోతుంది. ముందు లీకు పని చూడాలి.

చప్పుడు మూలుగులా కాకుండా కీచుమని వస్తే బెల్టు వదులైందేమో చూసుకోవాలి. బెల్టు బిగిస్తే పోయే చప్పుడుకు ఆయిల్ మార్చి లాభం లేదు.

ఏ ఆయిల్ పోయాలి?

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. షాపులో స్టీరింగ్ ఆయిల్ ఇవ్వమంటే ఏదో ఒక ఎర్ర డబ్బా చేతిలో పెడతారు. మాన్యువల్‌లో ఏ పేరు రాసి ఉందో అదే అడగాలి. ఇన్నోవాకు టయోటా చెప్పేది డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్లలో వాడే ఆయిల్. ఆయిల్ స్టీరింగ్ ఉన్న పాత హ్యుందాయ్ కార్లకు పీఎస్ఎఫ్ పేరుతో వేరేది వస్తుంది. పాత హోండా సిటీ లాంటి వాటికి హోండా తన సొంత ఆయిలే వాడమంటుంది, ఏటీఎఫ్ వద్దంటుంది. కొన్ని యూరప్ కార్లలో ఆకుపచ్చ ఆయిల్ ఉంటుంది, దాన్ని ఎర్రదానితో కలపకూడదు. మాన్యువల్ పోయి ఉంటే డబ్బా మూత మీద రాసి ఉందేమో చూడాలి. అక్కడా లేకపోతే కంపెనీ షోరూమ్‌లో మోడల్, సంవత్సరం చెప్పి అడగాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ కొనేటప్పుడు సీల్ ఊడని డబ్బా తీసుకుని బిల్లు అడగడం మంచిది.

డాట్ 3, డాట్ 4 అని రాసి ఉండే బ్రేక్ ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు. ప్రస్తుతానికి ఇది పోయి నడపండి అని రోడ్డు పక్కన సలహాలు ఇచ్చేవాళ్లు ఉంటారు. బ్రేక్ ఆయిల్ తయారీయే వేరు. స్టీరింగ్‌లోని రబ్బరు సీళ్లు దాన్ని తట్టుకోలేవు, ఉబ్బి పాడై కారడం మొదలెడతాయి. పొరపాటున పోసినట్టు తెలిస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డబ్బాలోది మొత్తం లాగేసి మెకానిక్‌ను పిలవాలి. స్టార్ట్ చేస్తే అది రాక్ దాకా వెళ్తుంది.

సిరంజి పద్ధతి

ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకు ఇదే సరైన దారి. జాకీ అక్కర్లేదు, పైపులు విప్పక్కర్లేదు. మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజి, దాని మూతికి పట్టే సన్నటి ప్లాస్టిక్ పైపు, ఖాళీ సీసా, పాత గుడ్డలు ఉంటే చాలు.

ఇంజిన్ ఆపి డబ్బాలో ఉన్న పాత ఆయిల్ మొత్తం సిరంజితో లాగేయాలి. చల్లగా ఉన్నప్పుడు ఉండాల్సిన గీత దాకా కొత్తది పోయాలి. మూత బిగించి ఇంజిన్ స్టార్ట్ చేసి స్టీరింగ్‌ను నిదానంగా ఆ చివరికీ ఈ చివరికీ కొన్నిసార్లు తిప్పాలి. ఒకటి రెండు రోజులు మామూలుగా నడిపి మళ్లీ ఇదే చేయాలి. డబ్బాలో ఆయిల్ ఎర్రగా నిలిచేదాకా ఇలా కొనసాగించాలి.

ఒక్కసారికే ఎందుకు సరిపోదంటే, ఆయిల్‌లో ఎక్కువ భాగం పంపులో, పైపుల్లో, రాక్‌లో ఉండిపోతుంది. ఉదాహరణకు మొత్తంలో మూడో వంతు డబ్బాలో ఉందనుకుందాం. మొదటిసారి తర్వాత పాతది 67 శాతం మిగులుతుంది. రెండోసారికి 44, మూడోసారికి 30, నాలుగోసారికి 20 శాతం. ఇంటర్ కామర్స్ చదివినవాళ్లకు తరుగుదల లెక్కల్లో తగ్గుతున్న నిల్వల పద్ధతి గుర్తొస్తుంది. సున్నాకు ఎప్పటికీ రాదు, కానీ నాలుగుసార్లకు 80 శాతం కొత్త ఆయిల్ అయిపోతుంది. మామూలు వాడకానికి అది చాలు.

పైపు విప్పి చేసే పద్ధతి

ఒకేరోజు మొత్తం మార్చాలంటే వెనక్కి వచ్చే పైపు విప్పాలి. దీనికి ఇద్దరు కావాలి. చదునైన నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మెలు పెట్టి, ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి స్టాండ్ల మీద నిలబెట్టాలి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి ఎవరూ దూరకూడదు. జాకీ జారితే బయటికి వచ్చే టైమ్ ఉండదు. స్టాండ్లు లేకపోతే సిరంజి పద్ధతే చేసుకోవడం మంచిది.

డబ్బా ఖాళీ చేశాక, దానికి తగిలించి ఉన్న రెండు పైపుల్లో రాక్ నుంచి వెనక్కి వచ్చేది ఏదో గుర్తుపట్టాలి. పంపు వైపు వెళ్లేది వేరు, సాధారణంగా అది లావుగా ఉంటుంది. రిటర్న్ పైపు క్లిప్పును ప్లయర్‌తో జరిపి పైపును లాగి సీసాలో పెట్టాలి. డబ్బాకు మిగిలిన మూతిని రబ్బరు మూతతో మూసేయాలి. ఇక ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే తాళం తిప్పి స్టీరింగ్ లాక్ మాత్రం తీసి, ఒకరు నిదానంగా చివరి నుంచి చివరికి తిప్పుతుండాలి. పాత ఆయిల్ సీసాలోకి వస్తుంది. రెండోవారు డబ్బా ఖాళీ కాకుండా కొత్తది పోస్తూ ఉండాలి. సీసాలోకి వచ్చే ఆయిల్ ఎర్రగా మారితే పని అయినట్టే. చాలా బండ్లకు ఇది సుమారు లీటరు పడుతుంది, కడగడానికి పోయేది కూడా లెక్కేసుకుని రెండు లీటర్లు కొనుక్కోవడం నయం.

కొందరు మెకానిక్‌లు ఇదే పనిని ఇంజిన్ ఆన్ చేసి చేస్తారు, తొందరగా అవుతుందని. ఇంజిన్ తిరుగుతుంటే పంపు డబ్బాను సెకన్లలో ఖాళీ చేస్తుంది. పోసేవాడి చెయ్యి కాస్త ఆలస్యమైతే పంపు వట్టిగా తిరిగి అరిగిపోతుంది. అనుభవం లేనివాళ్లు ఆ జోలికి పోకూడదు.

గాలి పోయేదాకా

పైపు తిరిగి తగిలించి క్లిప్పు సరిగ్గా కూర్చోబెట్టి, గీత దాకా ఆయిల్ నింపాలి. ఇంజిన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ను పది పదిహేనుసార్లు చివరి నుంచి చివరికి తిప్పి, తగ్గితే మళ్లీ పోయాలి. ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా మళ్లీ నిదానంగా తిప్పాలి. చివరన ఐదు సెకన్లకు మించి పట్టుకోకూడదు. డబ్బాలో నురగ, బుడగలు కనిపిస్తే గాలి ఇంకా ఉన్నట్టు. ఇంజిన్ ఆపి అరగంట వదిలేస్తే నురగ అణుగుతుంది, అప్పుడు మళ్లీ మొదలెట్టాలి. ఎన్నిసార్లు చేసినా నురగ పోకపోతే క్లిప్పు దగ్గర గాలి పీలుస్తోందేమో చూడాలి.

బండి దించాక దగ్గర్లో ఒక రౌండు వేసి, వేడి మీద ఉన్నప్పుడు వేడి గీత దగ్గర మట్టం చూడాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పెడితే పొద్దున లీకు ఉందో లేదో తెలిసిపోతుంది. అందుకే దూర ప్రయాణం ముందు రోజు సాయంత్రం ఈ పని పెట్టుకోకూడదు. పైపు ఊడి ఆయిల్ పోయినా స్టీరింగ్ పూర్తిగా పనిచేయకుండా పోదు కానీ రాయిలా బరువెక్కుతుంది. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో అలా జరిగితే తిప్పడం చాలా కష్టం.

ఇక సీసాలో మిగిలిన పాత ఆయిల్. వాడేసిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. హైదరాబాద్‌లో నాలాలో పోస్తే చేరేది మూసీలోకే. మూత బిగించి, ఇంజిన్ ఆయిల్ మార్చే వర్క్‌షాప్‌లో ఇస్తే వాళ్ల డ్రమ్ములో పోసుకుంటారు. అప్పటిదాకా పిల్లలకు అందకుండా పెట్టాలి. ఎర్రటి ఆయిల్ కూల్‌డ్రింక్ సీసాలో ఉంటే షర్బత్‌లా కనిపిస్తుంది.