ఇన్సులిన్: వేసవిలో భద్రత

ఇన్సులిన్ వేడికి, ఎండకు పాడయ్యే ప్రోటీన్ ఔషధం. 1921లో కెనడాలోని టొరంటోలో దీన్ని కనుగొన్నారు. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి ఇదే ప్రాణాధారం. వేడికి దీని అణువుల అమరిక చెదిరి, మందు బలం తగ్గుతుంది.

నిల్వ: తెరవని సీసాలు, పెన్నులను ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు కాబట్టి ఫ్రీజర్‌కు ఆనించి పెట్టకూడదు. వాడుకలో ఉన్నదాన్ని సాధారణంగా 25–30 డిగ్రీలు దాటని చోట సుమారు 4 వారాలు బయట ఉంచవచ్చు. గడువు రకాన్ని బట్టి మారుతుంది.

వేసవి ముప్పు: వాతావరణ మార్పుతో వడగాడ్పులు తీవ్రమవుతున్నాయి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఎండలో నిలిపిన కారులో మందు వదలకూడదు.

మట్టికుండ పద్ధతి: ఫ్రిజ్ లేనివారు పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక నింపి, తడిగుడ్డ కప్పి, గాలి ఆడే నీడలో ఉంచుతారు. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత ఉండే కోస్తాలో ఫలితం తక్కువ.

గుర్తింపు: తేటగా ఉండాల్సిన మందు మసకబారినా, పలుకులు కట్టినా పారేయాలి. తేటగా ఉన్నా బలం తగ్గి ఉండవచ్చు. కారణం లేకుండా షుగర్ పెరిగితే కొత్త సీసా తెరిచి, వెంటనే వైద్యుణ్ని సంప్రదించాలి.