పూచీ పడ్డ దేశాలు

1999 జనవరి 7. కొలంబియాలోని శాన్ విసెంతె దెల్ కాగ్వాన్ పట్టణంలో వేదిక మీద దేశాధ్యక్షుడు ఆంద్రెస్ పాస్త్రానా కూర్చుని ఉన్నారు. పక్కనే తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవలసిన ఫార్క్ గెరిల్లాల అధినేత మాన్యుయెల్ మారులాందా రాలేదు. తనను చంపడానికి కుట్ర జరుగుతోందన్నాడు. ఆయన ప్రాణానికి నాది పూచీ అని చెప్పగలిగిన మూడో పక్షం అప్పటి ఏర్పాట్లలో లేదు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1964లో మార్కెతాలియా అనే రైతుల స్థావరం మీద సైన్యం దాడి చేసిన తర్వాత ఏర్పడ్డ సంస్థ ఫార్క్. ఇరవై ఏళ్ల పోరు తర్వాత, 1984లో, బెలిసారియో బెతాంకూర్ ప్రభుత్వంతో లా ఉరిబెలో కాల్పుల విరమణకు ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఆ ఒప్పందం నుంచే 'ఉనియోన్ పాత్రియోతికా' అనే పార్టీ పుట్టి ఎన్నికల్లోకి దిగింది. పారామిలిటరీ ముఠాలు, వాటితో చేతులు కలిపిన భద్రతా బలగాలు ఆ పార్టీ వాళ్లను వెంటాడి చంపాయి. హతులు, ఆచూకీ లేకుండా పోయినవాళ్లు కలిపి కనీసం 5,733 మంది అని చాలా ఏళ్లకు ప్రత్యేక శాంతి న్యాయస్థానం లెక్క తేల్చింది. ఒప్పందం మీద సంతకాలు చేసింది ఇద్దరే. మాట తప్పినప్పుడు ఇదేమిటని అడగడానికి సాక్షి లేడు.

1991లో కారకాస్‌లో, 1992లో మెక్సికోలోని త్లాస్కాలాలో మళ్లీ చర్చలు జరిగాయి. వేదిక పరాయి గడ్డకు మారింది కానీ ఫలితం మారలేదు. పాస్త్రానా కాలంలో ప్రభుత్వం సుమారు 42,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతం నుంచి సైన్యాన్ని వెనక్కి పిలిచి మరీ చర్చలు జరిపింది. ఐక్యరాజ్యసమితి ప్రతినిధి, పది మిత్రదేశాల రాయబారులు రంగంలోకి వచ్చారు. కానీ ఇల్లు అంటుకున్నాక నీళ్లు మోసుకొచ్చినట్టయింది వాళ్ల పని. 2002 జనవరిలో తెగిపోబోతున్న చర్చలను కొన్ని వారాలు నిలబెట్టగలిగారు. ఫిబ్రవరి 20న ఫార్క్ ఒక విమానాన్ని దారి మళ్లించడంతో అంతా ముగిసింది.

తర్వాత వచ్చిన ఆల్వారో ఉరిబె యుద్ధాన్నే నమ్ముకున్నారు. 2008 మార్చిలో కొలంబియా బలగాలు ఈక్వడార్ భూభాగంలోకి చొరబడి ఫార్క్ నేత రవుల్ రెయెస్‌ను చంపాయి. ఈక్వడార్ సంబంధాలు తెంచుకుంది, వెనిజులా సరిహద్దుకు సేనలను పంపుతానంది. అప్పటి రక్షణ మంత్రి హువాన్ మాన్యుయెల్ సాంతోస్. అదే సాంతోస్ 2010 ఆగస్టులో అధ్యక్షుడైన మూడో రోజున వెనిజులా నేత హ్యూగో చావెజ్‌తో రాజీ కుదుర్చుకున్నారు. అడవిలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే ముందు ఇరుగుపొరుగుతో మాట కలవాలని ఆయనకు తెలుసు.

2012 ఫిబ్రవరిలో హవానాలో రహస్యంగా మాటలు మొదలయ్యాయి. ఆగస్టు 26న ఆరు అంశాల ఎజెండా కుదిరింది. క్యూబా, నార్వే పూచీ పడ్డాయి. వెనిజులా, చిలీ తోడు నిలిచాయి. ఎంపికలో లెక్క ఉంది. గెరిల్లాలకు క్యూబా, వెనిజులాల మీద గురి, ప్రభుత్వానికి చిలీ మీద. ఇక నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు. ఆ కూటమి ఉగ్రవాద జాబితాను 2006 నుంచి అనుసరించడమూ మానేసింది. కాబట్టి నిషేధిత సంస్థలతోనూ మాట్లాడగలదు.

శ్రీలంకలో నార్వే రెండు పక్షాల మధ్య మాటలు మోసింది, చివరికి రెండు వైపులా నిందలూ మోసింది. హవానాలో పద్ధతి వేరు. ఇరుపక్షాలు ఎదురెదురుగా కూర్చుని తామే మాట్లాడుకుంటాయి. పూచీదారులు గదిలో ఉండి వింటారు. తీర్పు చెప్పరు, ముసాయిదా రుద్దరు. పీటముడి పడ్డప్పుడే కదులుతారు.

అలాంటి ముడి 2014 నవంబరు 16న పడింది. చోకో ప్రాంతంలో పడవలో వచ్చిన జనరల్ రుబెన్ ఆల్సాతెను ఫార్క్ పట్టుకుంది. ఆయన మామూలు దుస్తుల్లో ఉన్నారు. సాంతోస్ చర్చలు ఆపేశారు. విడుదల షరతులు కుదిరాయని మూడు రోజుల్లోనే ప్రకటించింది క్యూబా, నార్వేలే. 30న జనరల్ బయటికొచ్చారు, డిసెంబరులో చర్చలు మళ్లీ మొదలయ్యాయి. పాస్త్రానా కాలంలో విమానం దారి మళ్లితే చర్చలే పోయాయి. ఇక్కడ సాక్షాత్తూ జనరలే చిక్కినా చర్చలు బతికాయి.

పూచీకి హద్దులూ ఉన్నాయి. 2016 సెప్టెంబరులో కార్తహేనాలో దేశదేశాల నేతల సమక్షంలో సంతకాలు జరిగితే, అక్టోబరు 2 రెఫరెండంలో ప్రజలు 50.2 శాతం ఓట్లతో వద్దన్నారు. విదేశీ రాయబారి ఎంత గట్టివాడైనా పల్లెలో ఓటరును ఒప్పించలేడు. మార్పులు చేసి నవంబరు 24న బొగోతాలో మళ్లీ సంతకాలు చేశారు. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి బృందం 8,994 ఆయుధాలు స్వీకరించింది.

పూచీకి అసలు పరీక్ష మరో సంస్థ విషయంలో వచ్చింది. 2019 జనవరిలో ఈఎల్ఎన్ గెరిల్లాలు బొగోతా పోలీసు అకాడమీలో కారు బాంబు పేల్చి 22 మంది క్యాడెట్లను బలిగొన్నారు. ఆ సంస్థ ప్రతినిధులు అప్పటికి చర్చల కోసం హవానాలో ఉన్నారు. వాళ్లను అప్పగించమన్నారు అధ్యక్షుడు ఇవాన్ దూకె. క్యూబా దాడిని ఖండించింది కానీ మనుషులను అప్పగించలేదు. చర్చలు తెగితే ప్రతినిధులను క్షేమంగా వెనక్కి పంపాలని గత ప్రభుత్వం సంతకం చేసిన పత్రాన్ని చూపింది. నార్వే కూడా ఆ పత్రానికే కట్టుబడింది. 2021 జనవరిలో అమెరికా క్యూబాను ఉగ్రవాద పోషక దేశాల జాబితాలో చేర్చినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ నిరాకరణ ఒకటి.

పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు ఆ పత్రం చదవడం ఎవరికీ తేలిక కాదు. అయినా 2022 నవంబరులో కొత్త ప్రభుత్వంతో మాట్లాడటానికి అదే ఈఎల్ఎన్ ప్రతినిధులు కారకాస్ వచ్చి కూర్చున్నారు. 2025 జనవరిలో కాతాతుంబో ప్రాంతంలో చెలరేగిన హింసతో ఆ చర్చలూ ఆగిపోయాయి. శాంతి ఇంకా దూరంలోనే ఉంది. కుర్చీ మాత్రం ఈసారి మనిషి భయపడి ఖాళీ కాలేదు.