చెర్రీ (ఇల్లినాయిస్)

చెర్రీ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇల్లినాయిస్ రాష్ట్రము, బ్యూరో కౌంటీకి చెందిన ఒక చిన్న గ్రామము. 1909లో ఇక్కడి బొగ్గుగనిలో జరిగిన అగ్నిప్రమాదము వలన ఈ పేరు చరిత్రకెక్కినది.

భౌగోళికము

ఈ గ్రామము రాష్ట్రపు ఉత్తర భాగమున, చికాగోకు నైరుతి దిశలో, మొక్కజొన్న, సోయా చిక్కుడు పండే మైదాన ప్రాంతములో ఉన్నది. 2020 జనగణన నాటికి జనాభా 500 లోపే. గని నుండి తీసిన వ్యర్థపు మట్టిగుట్ట నేటికీ కనిపిస్తుంది.

చరిత్ర

రైలు ఇంజన్లకు బొగ్గు అందించుటకై సెయింట్ పాల్ కోల్ కంపెనీ 1905లో ఇక్కడ గని ప్రారంభించినది. గని పర్యవేక్షకుడు జేమ్స్ చెర్రీ పేరే ఊరికి వచ్చినది. కార్మికులలో అధికులు ఐరోపా నుండి వలస వచ్చినవారు. వారిలో బాలురు కూడా ఉండేవారు.

గని ప్రమాదము

విద్యుత్ సౌకర్యము చెడిపోవుటచే గనిలో కిరోసిన్ దీపాలు వాడుచుండిరి. 1909 నవంబరు 13న ఒక దీపము నుండి, కంచరగాడిదల మేతకు తెచ్చిన ఎండుగడ్డి అంటుకొన్నది. మొత్తం 259 మంది మరణించారు. లోపలివారిని కాపాడుటకు పలుమార్లు గనిలోనికి దిగిన 12 మంది కూడా వీరిలో ఉన్నారు. మంటలను ఆర్పుటకు గని ద్వారాలను మూసివేశారు. లోపల అడ్డుగోడ కట్టుకొని విషవాయువుల నుండి తప్పించుకొన్న 21 మందిని నవంబరు 20న వెలికితీశారు.

ఫలితాలు

ఈ దుర్ఘటన తరువాత ఇల్లినాయిస్ శాసనసభ 1910లో గని రక్షణ కేంద్రాలను, 1911లో కార్మిక నష్టపరిహార చట్టాన్ని ఏర్పరచినది.