కొలిచిన శ్రమ: గుండె వ్యాయామ పరీక్ష చరిత్ర

గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులు సగానికి సగం ఇరుకైనా, విశ్రాంతిగా ఉన్న మనిషిలో ఆ లోపం సాధారణంగా బయటపడదు. మెట్లెక్కినప్పుడో బరువు మోసినప్పుడో కండరానికి కావలసినంత ప్రాణవాయువు చేరక, ‘యాంజైనా’ అనే ఛాతీ నొప్పి పుడుతుంది. అందుచేత, లైడెన్ నగరంలో విలెమ్ ఐంథోవెన్ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో రూపొందించిన పరికరం గుండెలోని విద్యుత్ కదలికలను ఇ.సి.జి. రేఖగా నమోదు చేయగలిగినా, రోగి పడుకుని ఉండగా తీసిన ఆ రేఖ తరచుగా ఏ దోషమూ చూపలేదు.

1928లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫీల్, సీగెల్ అనే వైద్యులు యాంజైనా రోగుల చేత వ్యాయామం చేయించి, నొప్పి వచ్చినప్పుడు ఇ.సి.జి.లోని ఎస్‌టీ భాగం, అంటే గుండె కింది గదులు విద్యుత్తుతో ఉత్తేజితమైన తర్వాత మళ్లీ సిద్ధమయ్యే ముందు కనిపించే గీత, మారుతుందని గమనించారు. హృద్రోగులను వారాల తరబడి మంచానికే పరిమితం చేసిన కాలంలో వారి చేత శ్రమ చేయించడం నిజంగా సాహసమే.

అయితే ఎంత శ్రమ చేయించాలన్న ప్రశ్నకు అప్పటికి సమాధానం లేదు. న్యూయార్క్ వైద్యుడు ఆర్థర్ మాస్టర్ 1929లో ఎనిడ్ ఓపెన్‌హైమర్‌తో కలిసి ప్రకటించిన పద్ధతిలో రోగి తొమ్మిది అంగుళాల ఎత్తున్న రెండు మెట్లను ఒకటిన్నర నిమిషం పాటు ఎక్కి దిగేవాడు. ఎన్నిసార్లన్నది వయసు, బరువు, స్త్రీపురుష భేదాలను బట్టి తయారుచేసిన పట్టిక నిర్ణయించేది. మొదట నాడి, రక్తపోటు మాత్రమే చూసిన ఈ పరీక్షకు ఇ.సి.జి. 1940లలో తోడైంది. ఖరీదైన యంత్రం అక్కరలేకపోవడం దీని గొప్పతనం. కానీ రేఖను వ్యాయామం ముగిసిన తర్వాతే తీసేవారు కనుక శ్రమ మధ్యలో గుండె పడే అవస్థ చాలావరకు కంటబడేది కాదు, పైగా పట్టిక విధించిన శ్రమ ఒకరికి చాలక, మరొకరికి మితిమీరేది.

ఈ రెండు లోపాలనూ ఒక్కసారిగా సరిదిద్దినవాడు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యుడు రాబర్ట్ బ్రూస్. 1963లో ఆయన ప్రకటించిన పద్ధతిలో నడక పట్టీ గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, 10 శాతం వాలుతో మొదలై, ప్రతి మూడు నిమిషాలకూ వేగమూ వాలూ పెరుగుతుండగా ఇ.సి.జి. ఎడతెగకుండా నమోదవుతుంది. శ్రమను ముందే విధించకుండా రోగి తన హద్దు చేరేదాకా పెంచుతూ పోవడమే ఇందులోని అసలు మార్పు. భారతీయ ఆసుపత్రులలో టీఎంటీగా పేరుపడిన పరీక్షకు ఇదే ఆధారం.

ఎస్‌టీ గీత ఒక మిల్లీమీటరు లేదా అంతకు మించి కిందికి జారడాన్ని వ్యాధి సూచనగా తీసుకుంటారు గానీ, వ్యాధి లేనివారిలోనూ, ముఖ్యంగా స్త్రీలలో, అది కనిపించవచ్చు. రక్తప్రవాహానికి అడ్డుపడనంత కొద్దిగా కొవ్వు పేరుకుపోయి, రేపు పగిలి గుండెపోటు తేగల ముప్పును ఈ పరీక్ష పసిగట్టలేదు. గీతతో పాటు రోగి ఎంతసేపు నడవగలిగాడన్నది కూడా విలువైన సమాచారమే: 6,213 మంది పురుషులను పరిశీలించి 2002లో వెలువడిన అధ్యయనంలో మరణ ముప్పును అన్నిటికన్నా బలంగా సూచించినది ఆ వ్యాయామ సామర్థ్యమే.