ప్రాసెసరు వేడిమిని చదువుట

వేసవిలో పలనాటి ఎండ సంగతి పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. రోహిణికార్తె వచ్చినదన్న రెంటచింతల పేరు వార్తాపత్రికలలో కనబడుట మనకు అలవాటే. అట్టి ఎండలలో ఒకనాటి సాయంకాలము గుంటూరులో మా యింట టెలివిజనుకు తగిలించిన చిన్న కంప్యూటరులో చలనచిత్రము చూచుచుండగా, తెర మూలన 78 అను అంకె కనబడినది. అది ప్రాసెసరు ఉష్ణోగ్రత. జనవరిలో ఇదే సమయమున, ఇట్టి చిత్రమునకే, అది 55 డిగ్రీలు మాత్రమే. చప్పుడు వినబడకుండుటకై దాని ఫ్యాను మెల్లగా తిరుగునట్లు అమర్చి యుంటిని. చూపించగా ఒక మరమ్మతుదారు, “ప్రాసెసరు చెడినది, మార్చవలసినదే” అనెను. ఉపాధ్యాయుని జీతములో అది చిన్న ఖర్చు కాదు. నిజముగా చెడినదా? జవాబు చెప్పుటకు ముందు ఆ 78 దేని ఉష్ణోగ్రతయో, ఎట్లు కొలువబడినదో తెలియవలెను. దానికి ఒక చరిత్ర కలదు.

చేతితో తాకి వేడిని చెప్పుటకు బదులు అంకెతో చెప్పవలెనను యత్నము 16వ శతాబ్దాంతమున గెలీలియో కాలమున మొదలైనది. 1714లో ఫారన్‌హీటు పాదరసపు ఉష్ణమాపకమును చేసెను. 1742లో స్వీడను దేశీయుడు సెల్సియస్ నూరు భాగముల మానమును ప్రతిపాదించెను. ఇందొక వింత కలదు. ఆయన నీరు మరుగు స్థానమును 0 అనియు, గడ్డకట్టు స్థానమును 100 అనియు వ్రాసెను. వేడి పెరిగిన కొలది అంకె తగ్గుచుండును! ఆ మానము తరువాత తలక్రిందులు చేయబడి మనకు వచ్చినది. ఈ వింతను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మరల పని పడును.

మన తెలుగుదేశమునను ఉష్ణమాపకములను శ్రద్ధగా చదివినవారు కలరు. గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసు వేధశాలలో శిక్షణ పొంది, 1840లో విశాఖపట్టణమున సొంత వేధశాలను నెలకొల్పిరి. వారి తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపి, నక్షత్రములతో పాటు వాతావరణమును కూడ పరిశీలించిరి. వాతావరణ పరిశీలకులందరికిని మొదట తెలిసిన సత్యమొకటి కలదు: అంకె ఎంత అనుటకు ముందు, మాపకము ఎక్కడ ఉన్నది అని అడుగవలెను. ఒకే ఊరిలో ఒకే గడియలో ఎండలోని మాపకము ఒకటి చెప్పును, నీడలోనిది మరియొకటి చెప్పును. అందుచేతనే 19వ శతాబ్దమున థామస్ స్టీవెన్‌సన్ గాలి ఆడు తెల్లని చెక్కపెట్టెను కల్పించెను. నేటికిని అట్టి పెట్టెలు వాడుకలో ఉన్నవి.

కంప్యూటరు విషయమునను ఇదే ప్రశ్న. 1990 దశకమున పెక్కు కంప్యూటర్లలో ప్రాసెసరు క్రింద, మదర్‌బోర్డుమీద, థర్మిస్టరు అను చిన్న తునక ఉండెడిది. అది చెప్పునది ప్రాసెసరు అడుగుభాగపు వేడి. లోపలి సిలికాను వేడి కాదు. కుండను బయట తాకి లోపలి అన్నపు వేడిని ఊహించినట్లు.

లోపలి వేడిని చదువుటకు సిలికానే సాయపడినది. సిలికాను డయోడులో స్థిరమైన కరెంటును ప్రవహింపజేసినచో, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినపుడు దాని వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. రెండు వేరు వేరు కరెంటులను ఒకదాని తరువాత ఒకటి పంపి, రెండు వోల్టేజిల భేదమును తీసినచో, ఆ భేదము పరమ ఉష్ణోగ్రతకు అనుపాతములో ఉండును. 1990 దశకపు చివర పెంటియం 2 తరగతి ప్రాసెసర్లలో ఇట్టి డయోడును చిప్పులోనే చెక్కిరి. 2000 నవంబరులో వచ్చిన పెంటియం 4 మరియొక అడుగు వేసినది: వేడి హద్దు చేరగానే తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో పూర్తిగా ఆగిపోవును.

2006లో ఇంటెల్ వారి కోర్ ప్రాసెసర్లలో అంకెలు చెప్పు మాపకము లోపలనే వచ్చినది. ఇక్కడ సెల్సియస్ వింత మరల కనబడును. ఈ మాపకము “ఇంత వేడి” అని చెప్పదు. “హద్దుకు ఇంకను ఇన్ని డిగ్రీల దూరమున ఉన్నాను” అని చెప్పును. హద్దు 100, మాపకము 22 అన్నచో, సాఫ్ట్‌వేరు తీసివేత చేసి 78 అని చూపును. హద్దు 85 అని అది పొరబడినచో 63 అని చూపును. ఆ తొలి దినములలో ఒకే చిప్పుకు రెండు సాఫ్ట్‌వేర్లు రెండు అంకెలు చూపుట ఇందువలననే. 2008 చివర వచ్చిన తరము నుండి ఆ హద్దు చిప్పులోనే వ్రాయబడుచున్నది. ఇంకొకటి: ఈ మాపకము హద్దు దగ్గర నిజము చెప్పును, చల్లగా ఉన్నపుడు అంత నమ్మదగినది కాదు. అపాయమును కనిపెట్టుటకే అది పుట్టినది.

2017లో ఎఎండి వారి రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపినవి. 58 అన్నచో నిజమునకు 38. ఆ తరగతిలోని ప్రాసెసర్లన్నిటికి ఫ్యాను ఒకే తీరున తిరుగుటకై అట్లు ఏర్పరచితిమని వారే చెప్పిరి.

ఇక మా యింటి 78. దాని హద్దు 100 అని చిప్పే చెప్పుచున్నది. కనుక ప్రాణాపాయము లేదు. తరువాత గది వేడిని చూచితిని. ఫ్యాను ఎంత తిరిగినను ప్రాసెసరును గదిగాలికంటె చల్లబరచలేదు. కనుక చూడవలసినది భేదమును. జనవరిలో గది 25, ప్రాసెసరు 55, భేదము 30. ఇప్పుడు గది 36, ప్రాసెసరు 78, భేదము 42. పెరిగిన 23 డిగ్రీలలో 11 ఎండవి. మిగిలిన 12 ఎక్కడివి?

పెట్టె విప్పితిని. మా ప్రక్కనే పరుపులు కుట్టు అంగడి కలదు. గాలిలో ఎగిరిన దూది ప్రాసెసరు మీది అల్యూమినియము రేకుల నడుమ చేరి పలుచని బొంతవలె పరచుకొని యున్నది. బొంత కప్పినవానికి చెమట పట్టుటలో వింతయేమి? కరెంటు తీసి, మెత్తని కుంచెతో దులిపితిని. మరునాడు అదే గడియకు, గది 36 ఉండగా, అంకె 67. భేదము 31. ప్రాసెసరు మార్చు ఖర్చు తప్పినది.

పత్తి జిన్నింగు మిల్లులు, మిరప కల్లములు గల మన ప్రాంతమున ప్రతి పాఠశాలలోని కంప్యూటరుకు ఈ బాధ తప్పదు. విద్యార్థులు ఒక నోటుపుస్తకమున నెలకొకసారి గది వేడిని, ప్రాసెసరు వేడిని, భేదమును మూడు వరుసలలో వ్రాయవలెను. ప్రతిసారి ఒకే పని చేయించి చూడవలెను. మొదటి రెండు వరుసలు ఋతువులతో పెరిగి తగ్గును. మూడవ వరుస పెరిగిన నెలలో కుంచె తీయవలెను.