తల్లి ఒడిలో పరభాష

యానాం వాసులకు ఫ్రెంచి పరభాషయే గాని అపరిచిత భాష కాదు. 1723లో ఫ్రెంచివారు తొలిసారి ఇక్కడ స్థావరం ఏర్పరచుకొన్నారు. మధ్యలో బ్రిటిషువారి ఆక్రమణలు వచ్చిపోయినా, 1954 నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వానికి సంక్రమించేవరకు ఇక్కడి ప్రభుత్వ వ్యవహారాలలో పెద్దపీట ఆ భాషదే. ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించనంతవరకు ఫ్రెంచియే అధికారభాషగా కొనసాగాలని 1956 మే 28 నాటి ఒప్పందంలో వ్రాసుకొన్నారు. అది 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. 1965లో వచ్చిన అధికారభాషా చట్టం యానాంలో తెలుగు వాడుకకు చోటు కల్పించింది.

నేటికీ కొందరు తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి, “బిడ్డకు ఇంటివద్దనే ఫ్రెంచి నేర్పవచ్చునా? అందువల్ల తెలుగు చెడదా?” అని అడుగుతుంటారు. పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానం వెదకడం ఉచితమని తలచాను. ఏడు శతాబ్దాలకు పూర్వమే ఇంగ్లండులో ఒక తల్లికి ఇదే అవసరం కలిగింది. ఆమె కోసం వ్రాసిన పుస్తకం ఇంకా నిలిచి ఉంది.

1066లో ఫ్రాన్సు దేశపు నార్మండీ నుండి వచ్చిన విలియం ఇంగ్లండును జయించాడు. నాటినుండి రాజసభలోను, ప్రభువుల ఇండ్లలోను ఫ్రెంచి ప్రవేశించింది. పొలంలో, అంగడిలో, సామాన్యుని గుడిసెలో మాత్రం ఇంగ్లీషు చెక్కుచెదరలేదు. 1204లో నార్మండీ ఇంగ్లండు రాజుల చేజారింది. ఆ తరువాత ప్రభువుల పిల్లలకు సైతం ఫ్రెంచి పుట్టుకతో అబ్బే భాష కాక, శ్రద్ధతో నేర్వవలసిన భాషగా మారసాగింది.

పదమూడవ శతాబ్ది మధ్యకాలంలో వాల్టర్ ఆఫ్ బిబ్స్‌వర్త్ అనే ఇంగ్లీషు ప్రభువు, డియోనిసీ డి మన్‌చెన్సీ అనే కులీన స్త్రీ తన పిల్లలకు ఫ్రెంచి నేర్పుకొనడానికి వీలుగా ఒక పద్యగ్రంథం రచించాడు. దానికి ‘ట్రెటీజ్’ అని పేరు. మన పిల్లలు అమరకోశం వల్లించినట్లే ఈ పద్యాలనూ వల్లె వేయవచ్చును. ఈ గ్రంథం వ్యాకరణంతో మొదలు కాదు. శిశు జననంతో మొదలవుతుంది. బిడ్డ పుట్టుక, ఊయల, శరీరావయవాలు, దుస్తులు, ఆహారం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బిడ్డ ఎదిగినకొద్దీ మాటల పరిధి వాకిలి దాటి తోటకు, పొలానికి సాగుతుంది. నాగలి భాగాలు, అవిసెనార వడకడం, రొట్టె కాల్చడం, పశుపక్ష్యాదుల కూతలు, ఇల్లు కట్టడం వర్ణించి, చివరకు విందుతో ముగుస్తుంది. అందరికీ తెలిసిన మామూలు మాటలను వదలి, గృహనిర్వహణకు అక్కరకు వచ్చే పదసంపదను కవి ఏరి కూర్చాడు.

ఉపాధ్యాయులు మెచ్చుకొనవలసిన నేర్పు ఇందులో మరొకటి ఉంది. ఫ్రెంచిలో పెదవిని ‘లేవ్ర్’ అని, కుందేలును ‘లియేవ్ర్’ అని అంటారు. ‘లీవ్ర్’ అనే మాట పుంలింగమైతే పుస్తకం, స్త్రీలింగమైతే తూనికలో పౌను. పుస్తకానికీ తూనికకూ స్త్రీపుంభేదం ఎరుగని మన తెలుగు బిడ్డకు ఇది చిక్కుముడియే. బిబ్స్‌వర్త్ ఇటువంటి మాటలను ఒకేచోట చేర్చి, చమత్కారంగా భేదం తెలియజెప్పాడు.

వీటన్నిటికన్న గమనింపదగినది వ్రాతప్రతుల రూపం. ఫ్రెంచి పంక్తుల నడుమ చిన్న అక్షరాలతో ఇంగ్లీషు అర్థాలు వ్రాసి ఉంటాయి. అంటే పరభాషకు మెట్టు స్వభాషయే అయింది. పదిహేనవ శతాబ్ది ఆరంభంలో ఈ గ్రంథాన్ని అనుసరించి వెలువడిన మరొక పుస్తకానికి ‘ఫెమినా’, అనగా స్త్రీ, అని పేరు పెట్టారు. తల్లి శిశువుకు మాటలు నేర్పే తీరున ఈ పుస్తకం ఫ్రెంచి నేర్పుతుందని భావం.

ఇంట్లో పరిస్థితి ఇది కాగా, బడిలో వేరొక పద్ధతి నడిచింది. పదునాలుగవ శతాబ్ది పూర్వార్ధంలో రానల్ఫ్ హిగ్డెన్ అనే సన్యాసి తన చరిత్రగ్రంథంలో, బడిపిల్లలను సొంతభాష విడిచి ఫ్రెంచిలో పాఠాలు ఒప్పజెప్పేటట్లు నిర్బంధిస్తున్నారని, ఇతర జాతులలో ఇట్టి ఆచారం లేదని ఆక్షేపించాడు. ఆ నిర్బంధం కలకాలం నిలువలేదు. ఫ్రాన్సుతో 1337లో యుద్ధం మొదలైంది. 1348, 49 సంవత్సరాలలో మహమ్మారి దేశాన్ని ఊపివేసింది. ఆ పిమ్మట జాన్ కార్న్‌వాల్ అనే ఉపాధ్యాయుడు బోధనను ఇంగ్లీషులోకి మార్చాడు. 1362లో న్యాయస్థానాలలో వాదాలు ఇంగ్లీషులో జరగాలని శాసనం వచ్చింది. ఆ శాసనాన్ని వ్రాసినది మాత్రం ఫ్రెంచిలోనే!

హిగ్డెన్ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన జాన్ ట్రెవీసా, బడులలో ఫ్రెంచి అడుగంటిందని 1385లో వ్రాశాడు. పిల్లలు వ్యాకరణాన్ని మునుపటికంటె త్వరగా గ్రహిస్తున్నారని సంతోషించాడు. సముద్రం దాటి పరదేశం వెళ్లేవారికి ఫ్రెంచి రాకపోవడం నష్టమని కూడ హెచ్చరించాడు. ఆ లాభమూ నిజమే, ఆ నష్టమూ నిజమే.

మన తల్లిదండ్రులకు నేను చెప్పదలచినది ఇదే. ఇంట్లో ఫ్రెంచి నేర్పండి, నిరభ్యంతరంగా నేర్పండి. యానాం బిడ్డకు అది పుదుచ్చేరికీ, సముద్రాల ఆవలికీ ద్వారం కాగలదు. అయితే డియోనిసీ వలె నేర్పండి. బిడ్డ చేతికి అందే గిన్నె, చెంబు, పువ్వు, పిట్టలతో ప్రారంభించండి. పాటగా పాడించండి. ప్రతి మాటకూ తెలుగు అర్థం చెప్పండి. రోజుకు నాలుగు మాటలైనా చాలు. తెలుగు మాని ఫ్రెంచి మాట్లాడమని మాత్రం నిర్బంధించకండి.

తెలుగులో కథ చెప్పగల బిడ్డకు ఆ కథను చెప్పడానికి మరొక భాష దొరుకుతుంది. చెప్పవలసిన కథయే లేని బిడ్డకు ఎన్ని భాషలు నేర్పినా ఏమి ప్రయోజనం? ఆ పంక్తుల నడుమ చిన్న అక్షరాల చోటు మన ఇండ్లలో తెలుగుకు ఎన్నడూ తప్పకూడదు. ఆ చోటును కాపాడడం మా పాఠశాల ధర్మం. అందుకు తల్లిదండ్రుల తోడ్పాటును, పూర్వవిద్యార్థుల ఆదరణను సవినయంగా అర్థిస్తున్నాను.