రోడ్డు పక్కన దొరికిన చిలుక

బూలియా ఊరు దాటాక, మౌంట్ ఐసా వెళ్ళే రోడ్డు మీద ఒకచోట కారవాన్ పక్కకి తీసి ఆపాను. రెండు వైపులా ఎర్రమట్టి, ఎండిన గడ్డి, దూరంగా పొట్టి చెట్లు. ఫొటో తీసుకునేంత దృశ్యం కూడా కాదు.

"ఇక్కడేముందని ఆపావ్?" అంది మా ఆవిడ.

"1990లో ఈ రోడ్డు పక్కనే ఎక్కడో ఒక చచ్చిపోయిన పిట్ట దొరికింది."

తను నావైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా ఫ్లాస్కు మూత తీసింది. వెనక సీట్లోంచి మా ఏడేళ్ళ అమ్మాయి మాత్రం ఆశగా అడిగింది: "ఇంకా ఉందా?"

లేదని చెప్పాను గానీ, ఆ ప్రశ్న మిగతా ట్రిప్పంతా నన్ను వదల్లేదు. వందేళ్ళకి పైగా ఈ దేశం ఆ పిట్ట గురించి అడుగుతూ వచ్చింది కూడా అదే కదా.

దాని పేరు నైట్ పారట్. మనం రాత్రి చిలుక అనుకుందాం. ఆకుపచ్చ, పసుపు కలిసిన ఒళ్ళు, దాని మీద నల్ల చారలు. పగలంతా స్పినిఫెక్స్ అనే సూదుల్లాంటి గడ్డి దుబ్బుల్లో సొరంగంలా దారి చేసుకుని దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి గింజలు, నీళ్ళు వెతుక్కుంటుంది. 1845లో చార్ల్స్ స్టర్ట్ ఎడారి యాత్ర బృందానికి ఒకటి చిక్కింది గానీ, దాన్ని గ్రౌండ్ పారట్ అనే మరో చిలుక అనుకున్నారు. అలా మొదటి పరిచయమే పొరపాటైంది. చివరికి 1861లో లండన్‌లో జాన్ గూల్డ్ ఇది వేరే జాతి అని తేల్చి పేరు పెట్టాడు.

గూల్డ్‌ని మనం మరోరకంగా ఎరుగుదుం. 1838లో ఆస్ట్రేలియా వచ్చి, 1840లో తిరిగి వెళ్తూ ఆయన ఇంగ్లండుకి ప్రాణాలతో తీసుకెళ్ళిన పిట్టలు బడ్జరిగార్లు. హైదరాబాద్ సందుల్లో, చిన్న పంజరాల్లో జంటలుగా అమ్మే "లవ్ బర్డ్స్" అవే. చిన్నప్పుడు మా పక్కింట్లో ఉండేవి, ఒకటి నీలం, ఒకటి తెలుపు. అవి అసలు ఆకుపచ్చవనీ, ఆ రంగులన్నీ మనుషులు పెంపకంలో తెప్పించినవనీ నాకు తెలీదు. విన్టన్ దాటాక ఒక నీటిగుంట దగ్గర పొద్దున్నే వాటిని వందల్లో చూశాను. మంద మొత్తం ఒక్కసారి పక్కకి తిరిగితే ఆకుపచ్చ మెరుస్తుంది, మళ్ళీ తిరిగితే మాయమైపోతుంది. మా అమ్మాయి టీ బిస్కెట్ చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయింది.

ఇంచుమించు ఒకే నేల, రెండూ ఆకుపచ్చ చిలుకలే. ఒకటి ప్రపంచంలోని పంజరాలన్నిట్లోకీ వెళ్ళింది. రెండోది 1867లో ఒకటి లండన్ జూ దాకా వెళ్ళి, మరుసటేడే చచ్చిపోయింది. 1870ల్లో, 80ల్లో ఎఫ్.డబ్ల్యు. ఆండ్రూస్ అనే సేకరణకర్త దక్షిణ ఆస్ట్రేలియాలో చాలా రాత్రి చిలుకల్ని పట్టాడు. మ్యూజియం సొరుగుల్లో పడుకుని ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఆయన పంపినవే. ఆ తర్వాత తగ్గిపోయాయి. 1912లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒకదాన్ని కాల్చారు. అక్కడి నుంచి 78 ఏళ్ళపాటు ఎవరి చేతికీ రుజువు చిక్కలేదు. చూశామన్నవాళ్ళు అప్పుడప్పుడూ ఉన్నారు, వాళ్ళ మాట నమ్మినవాళ్ళూ ఉన్నారు, అంతే.

1990 అక్టోబర్‌లో సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం నుంచి వచ్చిన వాల్టర్ బోల్స్, ఆయన సహచరులు ఈ రోడ్డు మీద వేరే పిట్టల్ని చూద్దామని బండి ఆపారు. కిందకి చూస్తే, ఎండిపోయిన చిలుక. చచ్చిపోయి చాలాకాలమైంది. ఏదో బండి కొట్టి ఉంటుందని అనుకున్నారు.

నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది ఆ చివరి వాక్యమే. అదే నిజమైతే ఇన్నేళ్ళలో రాత్రి చిలుకని అంత దగ్గరగా కలిసింది ఒక డ్రైవర్. ఆయనకి కలిసినట్టు కూడా తెలిసి ఉండదు.

కారవాన్‌లో తిరిగేవాళ్ళకి ఇక్కడ ఒక నియమం ఉంది: పొద్దుగూకే వేళకి బండి ఆగిపోవాలి. చీకట్లో కంగారూలు రోడ్డు మీదకొస్తాయి, మూడు నాలుగు ట్రైలర్లు లాగే రోడ్ ట్రైన్లు ఎదురొస్తాయి. విన్టన్ నుంచి బూలియాకి దాదాపు 360 కిలోమీటర్లు, మధ్యలో ఊళ్ళు లేనట్టే. మేం కాన్‌పోర్ లుకౌట్ దగ్గర, అంటే మన కాన్పూర్ పేరే పాత ఇంగ్లీషు స్పెల్లింగులో, కాసేపు ఆగాం. బల్లపరుపు తలల ఎర్రకొండలు, వాటి మధ్య సన్నగీతలా రోడ్డు. అక్కణ్ణుంచి పరుగులాంటి ప్రయాణం. చచ్చిన కంగారూల మీద గద్దలు, పెద్ద డేగలు. బూలియా చేరేసరికి గులాబీ రంగు గాలా చిలుకలు మందలుగా చెట్లెక్కుతున్నాయి. అవి నిద్రకి, మేం నిద్రకి. రాత్రి చిలుక దినచర్య సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. మేం ఈ దేశాన్ని ఎన్ని వేల కిలోమీటర్లు చుట్టినా, దాని సగం రోజుని మాత్రమే చూస్తాం.

బూలియా ప్రాంతపు ఆదిమ జాతి పేరు పిట్ట పిట్ట. చదవగానే ఉలిక్కిపడ్డాను. మన పిట్టతో దానికేం సంబంధం లేదు, కేవలం శబ్దం కలిసింది. అయితే పక్షిశాస్త్రంలో "పిట్టా" అనే ప్రజాతి పేరు మాత్రం అచ్చంగా తెలుగు మాట నుంచి వెళ్ళిందే. మన పొన్నంగి పిట్ట ఆ కుటుంబంలోదే, ఇక్కడి తూర్పు తీరం వానఅడవుల్లో ఉండే నాయిజీ పిట్టా కూడా. తెలుగు మాట ఇంత దూరం వచ్చిందని మురిసిపోయాను. ఆ మురిపెం ఎక్కువసేపు నిలవలేదు.

ఎందుకంటే నాది బద్వేలు. మా ఊరికి అట్టే దూరం లేని లంకమల అడవుల్లో ఇలాంటి కథే జరిగింది. కలివికోడి. అదీ రాత్రి పూటే తిరుగుతుంది, ఆకుపచ్చ చిలుక కాదు, పొడుగు కాళ్ళ గోధుమరంగు పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఊరి మనిషి రాత్రి టార్చి వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ బొమ్మలు చూపించి ఊరూరా అడుగుతూ వస్తే దొరికిన ఫలితమది. పట్టుకున్న పిట్ట బతకలేదు. కానీ జాతి బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది. ఇదంతా నేను మెల్‌బోర్న్‌లో, రాత్రి చిలుక గురించి వెతుకుతూ వెతుకుతూ ఒక వెబ్‌పేజీలో చదివాను. మా ఊరి పిట్టని వేరే ఖండంలో కూర్చుని పరిచయం చేసుకున్నానన్నమాట.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే "కనిపించకుండా పోయింది" అనే మాట మీద అనుమానం వస్తుంది. ఎవరికి కనిపించకుండా?

1990 తర్వాత కథ చూడండి. 2006లో డయమంటీనా నేషనల్ పార్కులో ముళ్ళకంచె పక్కన ఇంకో చచ్చిన రాత్రి చిలుక. 2013లో పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో జాన్ యంగ్ మొదటిసారి బతికున్నదాన్ని ఫొటోలు తీశాడు. ఆ చోటు చుట్టూ 56,000 హెక్టార్లని 2016లో బుష్ హెరిటేజ్ ఆస్ట్రేలియా కొని, పుల్లెన్ పుల్లెన్ రిజర్వ్ చేసింది. అది సందర్శకులకి తెరవరు. నాలాగా చూసిన ప్రతి పిట్టనీ జీపీఎస్ పాయింటుతో సహా యాప్‌లో ఎక్కించేవాడికి మొదట ఇది కొంచెం గుచ్చుకుంది. డేటా అంటే పంచుకోవడానికే కదా అని నా వృత్తి నాకు నేర్పింది. కానీ ఆండ్రూస్ పంపిన చర్మాలు కూడా ఒకరకం డేటానే.

2024లో వచ్చిన అధ్యయనం ఇంకా నచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారిలో ఙురుర్ప అనే ఆదిమవాసుల రక్షిత ప్రాంతం ఉంది. (మన వర్ణమాలలో ఊరికే కూర్చున్న "ఙ" ఇన్నాళ్ళకి పనికొచ్చింది.) అక్కడి రేంజర్లు, శాస్త్రవేత్తలు కలిసి చాలాకాలంగా మంటలు సోకని స్పినిఫెక్స్ ఎక్కడుందో చూసుకుని, 31 చోట్ల రికార్డర్లు పెట్టారు. మా టీములో లాగ్స్ వెతికినట్టు, రాత్రుల తరబడి శబ్దాల్లో వెతికితే 17 చోట్ల రాత్రి చిలుక గొంతు దొరికింది. యాభై దాకా ఉండొచ్చని అంచనా. ఆ నేలలో డింగోలు ఏం తింటున్నాయో వాటి పెంటలో చూస్తే, పిల్లుల ఆనవాళ్ళు. చిలుకకి పెద్ద ముప్పు యూరోపియన్ల వెంట వచ్చి అడవిపాలైన ఆ పిల్లులే. అందుకని అక్కడ డింగోలని చంపొద్దంటున్నారు, మంటల్ని అదుపులో ఉంచమంటున్నారు. ఎవరూ టార్చి వేసి తరమలేదు, చేతిలోకి తీసుకోలేదు. ఆ నేలని ఎరిగినవాళ్ళు ఎక్కడ వినాలో చూపించారు, అంతే.

ఆ రాత్రి క్యాంపులో లైట్లు ఆర్పి ముగ్గురం కుర్చీలు వేసుకుని బయట కూర్చున్నాం. రాత్రి చిలుక వినిపిస్తుందని కాదు. దూరంగా ఒక రోడ్ ట్రైన్ పోయింది, దాని చప్పుడు చాలాసేపు తగ్గుతూనే ఉంది. మా అమ్మాయి నిద్రపోయాక బద్వేలుకి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా సాయంత్రమే.

"నాయనా, కలివికోడి గురించి నీకు తెలుసా?"

"తెలియకేమి. తెలుగుగంగ కాలవ పనులతో దాని అడవి పోతాదని అప్పట్లో పేపర్లో వచ్చె గదా. 2005లో."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు ఎంసెట్‌కు చదువుకుంటాంటివి. పేపరు ముట్టొద్దని నేనే చెప్పినా."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. సంక్రాంతికి వస్తున్నానని, ఈసారి లంకమల వైపు పోదామని చెప్పాను.

"చీకట్లో ఏం కనపడతాది రా?"

"కనపడకపోయినా సరే. విని వద్దాం."